ఎర్ర గీత దాటని ముల్లు

మా విమానం ఇంజన్ అతిగా వేడెక్కుతోందని మొట్టమొదట కనిపెట్టింది అతనే. ఆ మాట ముందే చెప్పాలి. లేకపోతే నేను చెప్పేదంతా అతనికి అన్యాయం చేసినట్టవుతుంది.

నేను షార్జాలో ఒక కంపెనీలో భవనాలకు ఏసీ డిజైన్ చేసే ఇంజనీరుని. ఊరు కాకినాడ. పెళ్ళయ్యాక మావారితో పాటు అజ్మాన్‌లో స్థిరపడ్డాను. నలభై దాటాక, ఎప్పటినుంచో ఉన్న సరదా తీర్చుకుందామని, చిన్న విమానం నడిపే లైసెన్సు తెచ్చుకున్నాను. తర్వాత విడిభాగాలు పెట్టెల్లో వచ్చే రెండు సీట్ల విమానం ఒకటి తెప్పించి, ఎడారి అంచున ఉన్న చిన్న ఎయిర్‌ఫీల్డులో షెడ్డు తీసుకుని, సొంతంగా బిగించుకోవడం మొదలుపెట్టాను. 2020లో కరోనా ఆంక్షలు కాస్త సడలగానే నేను పరిగెత్తింది బంధువుల ఇళ్ళకి కాదు, ఆ షెడ్డుకి.

అక్కడే పరిచయమయ్యాడతను. రిమోటుతో ఎగిరే బొమ్మ విమానాలు ఆడించడానికి వచ్చేవాడు. ఒక శుక్రవారం నేను ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతుంటే తలుపు దగ్గర ఆగిపోయాడు.

"మీరు మన తెలుగోళ్ళేనా అక్కా? గీ రెక్క మీరే బిగించిండ్రా?"

జగిత్యాల వైపు మనిషి. దుబాయ్‌లో, ఇంటర్నేషనల్ సిటీలో ఉండేవాడు. ఫ్యాక్టరీలకు వాడే మీటర్లు, గేజీలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించి సరిచేసే వర్క్‌షాపులో ఇంజనీరు. ఆ రోజు రెక్క పట్టుకోవడానికి సాయం వచ్చినవాడు ఇక వారం వారం వచ్చాడు. నన్ను అక్కా అన్నాడు, మావారిని బావా అన్నాడు. మా ఇంటి గుమ్మంలో అతని చెప్పులకంటూ ఒక చోటు ఏర్పడింది. మా తోటికోడలు పంపిన ఆవకాయ జాడీలో సగం అతని గదికే పోయేది.

విమానంలో వైరింగంతా అతనే చేశాడు. అంత శుభ్రమైన పని నేను ఎక్కడా చూడలేదు. వైర్లను కట్టలు కట్టి, మైనపు దారంతో జడ అల్లినట్టు అల్లేవాడు. ఇంజన్ కూడా అతను చెప్పి ఎంపిక చేయించిందే. కారు ఇంజన్ని విమానానికి పనికొచ్చేలా మార్చినది. ఎయిర్‌ఫీల్డులో మిగతావాళ్ళు దాన్ని చూసి నవ్వారు. "నవ్వనీయ్ అక్కా, ఎగిరినంక సూద్దురు" అన్నాడు.

ఎగిరింది. కానీ వేడి ఎక్కువగా ఉందని, నేల మీద ఇంజన్ తిప్పి చూసినప్పుడే అతను కనిపెట్టాడు. మొదటి పరీక్షల్లో, పైకి ఎక్కుతున్నంతసేపూ ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్ర గీత వైపు పాకేది. నేను దించేదాన్ని, చల్లారనిచ్చేవాళ్ళం, మళ్ళీ వెతుకులాట.

ఆ ఇంజన్ని చల్లబరిచేది నీళ్ళు కాదు, గాలి. విమానం ముక్కు ముందున్న రెండు రంధ్రాల్లోంచి గాలి లోపలికి వచ్చి, సిలిండర్ల మధ్యగా కిందికి దిగి, అడుగు నుంచి బయటికి పోవాలి. దారి తప్పకుండా చుట్టూ రేకులు కట్టి, అంచులకు రబ్బరు పట్టీలు వేస్తారు. లోపల టార్చిలైటు పెట్టి, బయట వెలుగు కనిపించిన ప్రతి సందునూ మూశాం. కార్బురేటర్‌లో పెట్రోలు కాస్త ఎక్కువ పడేలా చేశాం. స్పార్క్ పడే సమయం సరిచూశాం. ఆయిల్ చల్లబరిచే రేడియేటరు జాగా మార్చాం. ఒక్కొక్కటి మార్చినప్పుడల్లా ముల్లు కొంచెం తగ్గినట్టే తగ్గి, మళ్ళీ ఎర్ర గీత దగ్గరికి పోయేది.

ఒకరోజు నేను నీరసంగా అన్నాను. "ఈ ఇంజన్ తీసేద్దాం తమ్ముడూ. విమానానికని తయారుచేసింది ఏదైనా చూసుకుందాం."

అతను చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఆ తర్వాతి వారం నేను ఆఫీసు పని మీద అబుదాబి వెళ్ళాల్సి వచ్చింది. అతనొక్కడే షెడ్డుకి వెళ్ళాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. "దొరికిందక్కా! ఎర్త్ వైరు లూజుండె. గేజీ ఉత్తగనే ఎక్కువ చూపిస్తుండె. ఖలాస్, ఇగ ఏం గాదు."

మళ్ళీ ఎగిరాను. ముల్లు ఎర్ర గీతకు చాలా దూరంలో, ఆకుపచ్చ పట్టీ మధ్యలో, బుద్ధిగా నిలబడింది. దిగాక ఇద్దరం చిన్నపిల్లల్లా గంతులేశాం. ఎయిర్‌ఫీల్డు ముదీరు, అంటే మేనేజరు, అందరికీ కరక్ చాయ్ తెప్పించాడు. నవ్వినవాళ్ళు కూడా వచ్చి కరచాలనం చేశారు. అతని మొహం వెలిగిపోయింది.

చలికాలమంతా నేను ఒక్కదాన్నే ఎగరాల్సిన పరీక్షలు పూర్తిచేశాను. పక్క సీట్లో మనిషిని ఎక్కించుకోవచ్చని అనుమతి వచ్చిన రోజు, మొదట అతన్నే పిలిచాను. అది అతని హక్కు అనుకున్నాను.

"నేనెందుకక్కా ముందుగాల? బావను తిప్పుండ్రి. నేనేడికి పోత?"

ఎంత మర్యాద అనుకున్నాను. మావారు కూడా అదే అన్నారు.

మావారితో ఎగిరిన ఆ ఉదయం ఆకాశం నిర్మలంగా ఉంది. సముద్రం వైపు తిరిగి, మడ అడవుల మీదుగా పైకి ఎక్కుతున్నాం. బరువు పెరిగింది కాబట్టి ఇంజన్ ఎక్కువ కష్టపడుతోంది. ఆయన కిందికి చూసి మురిసిపోతున్నారు. ఉన్నట్టుండి ముక్కు చిట్లించారు.

"ఏదో మాడుతున్న వాసన రావట్లేదూ?"

ముల్లు వైపు చూశాను. ఆకుపచ్చలోనే ఉంది. "బయటి నుంచేమో" అన్నాను. అంతలో ఇంజన్ గొంతు మారింది. గులకరాళ్ళు డబ్బాలో వేసి ఊపినట్టు లోపల కటకటమంది. వేగం తగ్గింది. ఇక ఎక్కడం లేదు. నేను విమానం ముక్కు దించి, పవర్ తగ్గించి, రన్‌వే వైపు తిప్పాను. ముల్లు మాత్రం కదల్లేదు. సీటు కింద అంచు పట్టుకున్న మావారి చేతివేళ్ళు తెల్లబడి ఉండడం కంటి చివర్న కనిపించింది. దిగగలిగాం.

అతను షెడ్డు దగ్గర లేడు. ఆ రోజు పని ఉందని రాలేదు.

ఇంజన్ మూత తీసి చూస్తే సిలిండర్ తల మీది రంగు గోధుమరంగుకి మాడిపోయి ఉంది. పక్కన రబ్బరు పట్టీ గిల్లితే పెచ్చులుగా ఊడింది. ముల్లు చెప్పేదొకటి, ఇంజన్ చెప్పేదొకటి.

వేడి కొలిచే వైరు కొస సిలిండర్‌కి బిగించి ఉంటుంది. దాన్ని ఊడదీసి, టీ కాచుకునే ఎలక్ట్రిక్ కెటిల్లో, మరుగుతున్న నీళ్ళలో ముంచాను. మావారిని కాక్‌పిట్‌లో కూర్చుని ముల్లు చూడమన్నాను. నీళ్ళు మరిగితే వంద డిగ్రీలు చూపించాలి.

"అరవై దగ్గర ఆగింది" అన్నారు.

నీళ్ళు కళపెళలాడుతూనే ఉన్నాయి. "ఇప్పుడో?"

"అక్కడే ఉంది."

అప్పుడు కొస నుంచి గేజీ దాకా వైరుని వేళ్ళతో తడుముతూ వెళ్ళాను. డాష్‌బోర్డు వెనక, చెయ్యి కష్టంగా దూరే చోట, నల్లటి తొడుగు ఒకటి తగిలింది. కోసి చూస్తే లోపల రంగు చారల చిన్న రెసిస్టర్. కరెంటుని అడ్డుకుని ముల్లు తక్కువ చూపేలా చేసేది. రెండు వైపులా మైనపు దారంతో జడ అల్లినట్టు అల్లి ఉంది. ఎవరు పెట్టారని అడగక్కర్లేదు. ఆ అల్లిక చూడగానే నాకు కోపం రాలేదు. తప్పుడు పని కూడా అంత శ్రద్ధగా చేశాడు.

మర్నాడు మేమిద్దరం షెడ్డులో ఉండగా, అతను ఎప్పటిలాగే మిరపకాయ బజ్జీల పొట్లం పట్టుకుని వచ్చాడు. రెసిస్టర్ని బల్ల మీద పెట్టాను.

"ఏంటిది?"

దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "గేజీ ఎక్కువ చూపిస్తుందనుకున్న అక్కా. సరిజేసిన."

"ఎక్కువ చూపిస్తోందని కొలిచావా?"

"కొలవలే."

"నీ వర్క్‌షాపులో కొలవకుండా ఏ గేజీనైనా బయటికి పంపుతావా?"

బల్ల అంచు మీది మసిని వేలితో తుడిచాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు ఎగిరేటోళ్ళు గాదు." తల ఎత్తాడు. కళ్ళల్లో నీళ్ళు. "ఇంజన్ తీసేద్దామంటిరి. అందరు నవ్వుతుండిరి. గది నేను జెప్పిన ఇంజన్ గదా అక్కా."

"మరి నువ్వెందుకు ఎక్కలేదు? బావను ఎందుకు ఎక్కించావు?"

ఈ ప్రశ్నకి అతను ఏదో ఒకటి చెప్తాడని ఎదురుచూశాను. అబద్ధమైనా సరే, నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను. బజ్జీల పొట్లం బల్ల మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. అంతే. మావారు షెడ్డు బయటికి వెళ్ళిపోయారు.

విమానాలు తనిఖీ చేసే పెద్దాయన లాహోర్ మనిషి. ఆయనకి జరిగింది జరిగినట్టు చెప్పాను. "ఎవరు చేశారు బేటీ?" అని అడిగారు. చెప్పాను. ఆ ఎయిర్‌ఫీల్డులో అతన్ని ఇక ఏ విమానం మీదా చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది.

"నా పేరు చెప్పిండ్రా అక్కా? ఇంట్ల మనిషి లెక్క చూసుకుంటిరి, గిట్ల జేస్తిరి?"

అతని గొంతులో నిజంగానే నొప్పి ఉంది. మోసపోయింది తానే అనుకుంటున్నాడు. ఫోన్ పెట్టేశాను. తర్వాత అతను ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. కొన్నాళ్ళకి మస్కట్ వెళ్ళిపోయాడని ఎవరో అన్నారు.

ఇంజన్ రోగం నేనే కనుక్కున్నాను. మేమిద్దరం అన్నాళ్ళూ గాలి లోపలికి వచ్చే దారే చూశాం, పోయే దారి చూడలేదు. పాడైన సిలిండర్ తల మార్చాక, సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో రంగునీళ్ళు పోసి, ఇంజన్ పైనా కిందా గాలి ఒత్తిడి కొలిచాను. ఏసీ గొట్టాలకి మేం రోజూ చేసే పనే. పైకీ కిందకీ తేడా దాదాపు లేదు. అడుగున బయటికి పోయే సందు ఇరుకు. వేడిగాలి లోపలే ఇరుక్కుపోతోంది. ఆ సందు వెడల్పు చేసి, అంచుకి వంచిన రేకు పెదవి ఒకటి బిగించాను. తర్వాతి చలికాలం ముల్లు నిజంగానే ఆకుపచ్చలో నిలబడింది. కెటిల్లో పెట్టి చూశాను, వంద చూపించింది.

అతను ఎంపిక చేసిన ఇంజన్ మంచిదే. నవ్వినవాళ్ళది తప్పు, అతనిదే ఒప్పు. ఇంకొన్ని వారాలు ఆగి ఉంటే ఆ మాట అతనికి నేనే చెప్పేదాన్ని.

మావారు మళ్ళీ ఎక్కారు. నన్ను ఏనాడూ నిష్ఠూరమాడలేదు. మారింది నేనే. ఎగిరే ముందు డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి ప్రతి వైరూ తడిమి చూస్తాను. అది మంచిదే. కానీ ఇంట్లో గ్యాస్ కట్టేశానని ఆయన చెప్పినా లేచి వెళ్ళి చూసి వస్తున్నాను. తలుపు గడియ పెట్టానన్నా అంతే. ఆయన నేను వచ్చేదాకా మెలకువగా ఉండి, వచ్చాక పక్కకి తిరిగి పడుకుంటారు.