కోతల కాలంలో పరీక్ష

మిరప కోతలు మొదలయ్యేసరికి కనిగిరి అవతలి ఆ పల్లె ఖాళీ అయిపోతుంది. ఇళ్ళకు తాళాలు పడతాయి. కోళ్ళను కూడా గంపల కింద మూసి లారీ ఎక్కిస్తారు. గుంటూరు వైపు చేలల్లో పట్టాలతో గుడిసెలు వేసుకుని, ఎండలు ముదిరేదాకా అందరూ అక్కడే ఉంటారు. ఆదెయ్య ఊహ తెలిసినప్పటి నుంచి ఏటా ఆ లారీ ఎక్కాడు. ఈసారి ఎక్కలేదు. కూతురు ధనశ్రీకి పదో తరగతి పరీక్షలు.

ముఠా మేస్త్రీ కోటి లారీ మీద నుంచే అరిచాడు.

"ఏరా ఆదెయ్యా! పెళ్ళాన్ని కోతకు పంపి నువ్వు పొయ్యి కాడ కూర్చుంటావా? నీకో చీర ఇచ్చి పొమ్మందామా రాజ్యాన్ని?"

లారీలో ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఆదెయ్య భార్య రాజ్యం నవ్వలేదు.

"నా అంత ఏగిరం కోస్తాడా ఆయన? సగం కాయ చెట్టుకే వదిలేస్తాడు. అందుకే వండమని పెట్టా. నువ్వు బండి పోనీయ్ అన్నా," అంది.

"అది కాదమ్మా, ఆ పరీక్షలు మిరప కోతల్లోనే పెట్టాలా? వానల్లో పెడితే ఏం పోయింది?" అన్నాడు కోటి.

లారీ వెళ్ళిపోయింది. దుమ్ము చాలాసేపు అక్కడే ఉంది.

ఆదెయ్య చదువు కూడా ఇలాంటి కోతల్లోనే ఆగింది. అప్పట్లో ఏడో తరగతికే పెద్ద పరీక్ష ఉండేది. ఆ ఉదయం అతను ఎక్కడో గుంటూరు చేలో అమ్మ వెనకాల బుట్ట మోస్తున్నాడు. తిరిగొచ్చేసరికి పరీక్ష అయిపోయింది. తర్వాత ఎవరూ బడికి రమ్మనలేదు. అతనూ వెళ్ళలేదు.

ఊళ్ళో మనుషులు లేకుండా ఉండటం అతనికి కొత్త. పక్కింటి దగ్గు వినిపించదు. పొయ్యి మీద అన్నం ఉడికే చప్పుడు వీధి దాకా వినిపిస్తుంది. ధనశ్రీ పుస్తకం ముందు కూర్చుంటే పలకరించడానికి భయం. పలకరిస్తే చదివింది మర్చిపోతుందేమోనని. చేతులు ఊరుకోక, పక్క ఊళ్ళో బోరు కింద మిరప వేసిన రైతు దగ్గర నుంచి కూలికి మూటలో ఎండుకాయలు తెచ్చుకున్నాడు. గాలి ఇంట్లోకి కొట్టని వైపు కూర్చుని, కాయ కాయకీ ముచ్చిక తుంచేవాడు.

"నేనూ రెండు తుంచుతా నాన్నా," అనేది ధనశ్రీ.

"ముట్టుకోవాకు. నీ చేతులు పెన్ను పట్టుకునేవి."

ఒక సాయంత్రం హైస్కూలు లెక్కల మాస్టారు శ్రీమన్నారాయణ బండి మీద వచ్చారు. అమ్మాయి చేత రెండు లెక్కలు చేయించి, తలాడించి, అరుగు మీద కూర్చున్నారు. ఆదెయ్య ఎన్నాళ్ళుగానో అనుకుంటున్న మాట అడిగాడు.

"సారూ, ఇన్నేళ్ళూ చదువు చెప్పింది మీరే గదా. దానికేం వచ్చో మీకు తెలవదా? మళ్ళీ ఎవరో పరీక్ష పెట్టి చెప్పాలా?"

"నాకు తెలుసు. నా మాట వినేదెవరు? గుంటూరు కాలేజీల వాళ్ళకు ఈ పల్లె పేరే తెలియదు. ఆ పేపరు మీద పేరుండదు, ఊరుండదు, నాన్న ఏం చేస్తాడో ఉండదు. నంబరే. దిద్దేవాడికి నీ కూతురూ, కలెక్టరు కూతురూ ఒకటే. అదీ తీసేస్తే మనకు ఇంకేం మిగులుద్ది ఆదెయ్యా?"

ఆ మాట ఆదెయ్యకు నచ్చింది. కాని ఆయన వెళ్ళాక చాలాసేపు అదే తలుచుకుంటూ ఉండిపోయాడు. ఎవరూ ఎరగని చోట తన కూతురు ఒక్క నంబరుగా నిలబడాలి. పక్కన ఎవరూ ఉండరు.

లెక్కల పరీక్ష రోజు పొద్దున్నే ఆటోలో కనిగిరి చేరారు. సెంటరు గేటు ముందు ధనశ్రీ నుదుటి మీద అప్పటికే చెమట. చేతిలోని పరీక్ష అట్ట మీద దారి దుమ్ము పేరుకుంది. ఆదెయ్య అట్ట తీసుకుని భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. ముందూ వెనకా, అంచులు కూడా, దేవుడి పటం తుడిచినంత శ్రద్ధగా.

"నిదానంగా రాయి తల్లీ."

గోడ నీడలో కూర్చుని ఎదురుచూశాడు. నీడ జరిగినప్పుడల్లా తనూ జరిగాడు.

గేటు తీశారు. ధనశ్రీ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. రెప్పలు వాచాయి.

"ఏడ్చావా?"

"లేదు నాన్నా. ఎండ."

"రాశావా?"

"రాశా."

తిరుగు ఆటోలో ఆదెయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కళ్ళు భగ్గుమన్నాయి. రోజూ ముచ్చికలు తుంచిన చేతులు తుడుచుకుంది ఆ తువ్వాలుకే. చేతులు ఏనాడో మొద్దుబారాయి, ఘాటు తెలియలేదు. కూతురి ఒళ్ళోని అట్ట వైపు చూశాడు. పరీక్ష గదిలో భయానికి ఆమె అరిచేతులు చెమట పట్టి ఉంటాయి. ఆ అట్ట మీదే ఆనించి, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుని ఉంటుంది. ధనశ్రీ మెల్లగా అట్టను బోర్లించి బయటికి చూడసాగింది.

ఆమెకు తెలుసు. అతనికి తెలిసిందనీ తెలుసు. ఇల్లు చేరారు. ఇంటి వెనకాల ఆమె తడిగుడ్డతో అట్ట తుడవడం ఆదెయ్య చూశాడు. చూడనట్టు ఇంట్లోకి వెళ్ళాడు. ఆ సాయంత్రమే మిగిలిన కాయలు రైతుకు తిరిగిచ్చేశాడు. ఆ తర్వాత అతని చేతులకు పని లేదు.

ఫలితాలొచ్చాయి. అన్నీ పాస్. లెక్కలు తప్ప.

చేలో నుంచి రాజ్యం ఫోన్ చేసింది. "ఏమైంది?"

"ఒకటి ఆగింది."

ఫోనులో గాలి చప్పుడు వినిపించింది. "అన్నం తిన్నారా?" అని అడిగి పెట్టేసింది.

మాస్టారు వచ్చి, మే నెలాఖరులో మళ్ళీ రాయొచ్చన్నారు. ఆదెయ్య ఆయన్ని వీధి చివరి దాకా తీసుకెళ్ళి తువ్వాలు సంగతి చెప్పాడు.

"అది రాయడానికి పేపర్లో చోటు లేదు ఆదెయ్యా."

"పేరు లేకపోవడమే మంచిదంటిరి గదా సారూ. దాని కళ్ళ మంట గూడా ఆడ లేకుండా పోయింది."

"అయితే పరీక్షలు తీసేయమంటావా?"

"తీసేస్తే మా పిల్ల ఉందని ఎవరికి తెలుస్తది?" అన్నాడు ఆదెయ్య. రెండు మాటలూ తనవే. రెంటికీ పొత్తు కుదరలేదు.

మే వచ్చింది. ముఠాలో సగం మంది తిరిగొచ్చారు. రాజ్యం గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర పనికి ఆగిపోయింది. పరీక్ష ముందు రోజు ధనశ్రీ అంది.

"నాన్నా, నువ్వు అమ్మ దగ్గరికి పో. ఈసారి నేనొక్కదాన్నే పోయొస్తా."

ఆమె మాటలో కోపం లేదు. తోడు వస్తే తను భయపడుతుందనో, అతనే భయపడతాడనో.

"సరే," అన్నాడు.

మర్నాడు కూతురు బయలుదేరాక ఆదెయ్య గుంటూరు బస్సు కోసమే కనిగిరి వెళ్ళాడు. బస్సు వచ్చింది. వెళ్ళిపోయింది. అతను సెంటరు దాకా నడిచి, రోడ్డుకు ఇవతలే నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు లేదు. చెమట కనుబొమల మీదుగా కారుతోంది. తుడుచుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

గేటు తీశారు. పిల్లల మధ్య నుంచి ధనశ్రీ బయటికొచ్చి, చెయ్యి కళ్ళ దగ్గరికి ఎత్తింది.

ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, గోడ నీడ పొడుగునా ఆమె ఎవరి కోసమో వెతుకుతోంది.