మూడో మలుపు దగ్గరి కాగితం

టోవకు ఈర్ష్య కొత్త కాదు. కానీ తన విభాగంలో రిక్కె అనే అమ్మాయి చేరాక అది రోజూ టోవతోపాటే ఆఫీసుకొచ్చి, ఆమెతోపాటే కాఫీ తాగేది. శుక్రవారం పొద్దున్న అందరికీ బన్నులు తెచ్చే వంతు రిక్కెదైతే జనం పావుగంట ముందే చేరేవారు. టోవ అది కూడా లెక్కపెట్టుకునేది.

టోవకు యాభై ఎనిమిదేళ్లు. తండ్రి ఎస్బియర్ రేవులో చేపల పడవలకు పేర్లు రాసేవాడు. ఆ చేతి నేర్పు ఈమెకొచ్చింది. ఆల్బోర్గ్ ఊళ్లో తను పనిచేసే ఆసుపత్రి దారి బోర్డులన్నీ ఇరవై రెండేళ్లుగా ఆమే గీసింది. ఇప్పుడు కొత్త కళ్ల వార్డుకు బోర్డులు కావాలి. ఉద్యోగంలో ఇదే ఆఖరి పెద్ద పని. దానికి ముప్పై కూడా దాటని రిక్కె సైతం నమూనాలు గీసింది.

ఎవరివి నిలవాలో దారి తెలియని మనుషులు నడిచి తేల్చాలి. గోడలకు కాగితాలు అంటిస్తారు. కొత్త మనిషిని గుమ్మంలో వదిలి, గీసినవాళ్లు వెనకే నడుస్తారు. అడిగినా సరే, నోరు మెదపకూడదు.

ముందు టోవ వంతు. లేత బూడిదరంగు అక్షరాలు, నీలి అలలు, సన్నటి కన్ను బొమ్మ, కింద అయిదు గదుల పేర్లు. ఐనర్ అనే ముసలాయన దాని ముందు నిలబడి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఎంత ముద్దుగా ఉందమ్మా. మా ఇంట్లో తగిలించుకోవచ్చు," అని, తిన్నగా దుప్పట్లు పేర్చే గదిలోకి నడిచాడు.

టోవ ముఖం మాడిపోయింది. రిక్కె నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది, ఆ పిల్ల అంతపాటి సుఖం కూడా ఇవ్వలేదు.

ఇంతకీ రిక్కె కాగితాల్లో ఏముంది? పసుపు మీద నల్లగా, అరచెయ్యంత అక్షరాలతో "కళ్లు" అని ఒక్క మాట. పక్కన బాణం. మలుపుకొకటి. చూపు తగ్గిన ముసలివాళ్లతో వారం రోజులు కూర్చుని గీసిందట. ఇదీ ఒక పనేనా అనుకుంది టోవ. ఇది తనకెందుకు తట్టలేదన్నదే అసలు కడుపుమంట. రిక్కె కాఫీకి వెళ్లగానే మూడో మలుపు దగ్గరి కాగితం పీకి, మడిచి జేబులో కుక్కుకుంది.

రిక్కె కాగితాల వంతు రాగానే ఎనభై ఏళ్ల మార్గిట్ అనే ఆవిడ చేతికర్రతో బయలుదేరింది. రెండు మలుపులు చకచకా దాటి, మూడోదాని దగ్గర ఆగిపోయింది. ఆ కాగితం ఉండాల్సిన చోటే గోడను తడిమింది.

"ఇటా అమ్మా, అటా?"

వెనకే వస్తున్న టోవ, రిక్కె నియమం ప్రకారం అక్కడే ఆగారు.

"నాదే తప్పులే," అంది మార్గిట్ మెల్లగా. "ఈ పాడు కళ్లు. ఎక్కడో ఉండే ఉంటుంది, నాకే కనిపించడం లేదు."

టోవకు సిగ్గుతో చచ్చినంత పనైంది. "మీ తప్పు కాదండీ," అంది. ఇరవై రెండేళ్లలో ఇలాంటి నడకల్లో నోరు విప్పడం అదే మొదలు. జేబులోని కాగితం తీసి, మడతలు సాపు చేసి, ఆవిడ చెయ్యి ఉన్నచోటే అంటించింది.

"ఇదిగో, ఉండనే ఉంది," అంటూ మార్గిట్ సాగిపోయింది.

రిక్కె టోవ జేబు వైపు చూసింది.

"రాసుకో అమ్మాయీ," అంది టోవ. "పీకింది నేనే."

రిక్కె నడకల వివరాలు రాసుకునే పుస్తకంలో ఒక్క వాక్యం రాసి చూపించింది. "మూడో మలుపు దగ్గర కాగితం తప్పకుండా ఉండాలి." అంతే రాసింది.

అంత మంచితనం చూసి కూడా టోవకు ఈర్ష్యే కలిగింది.