వదిన వైర్లు, నక్షత్రం గెంతు

మా వదిన ఒక నక్షత్రంతో పోట్లాడి గెలిచింది. అదేదో మిణుకుమిణుకుమనే చిల్లర నక్షత్రం కాదు. సూర్యుణ్ణి మించిన బరువును ఒక ఊరంత ఉండలో కుక్కుకుని, సెకనుకు రెండుసార్లు గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రం. రెండో ఏడాదిలో నేను కాలేజీని వదిలేశాను గాని, లేకుంటే ఆ గెలుపు నాదే.

వదిన రేడియో టెలిస్కోపులో టెక్నీషియన్. నక్షత్రం నుంచి రిసీవర్లోకి వచ్చే తరంగం నిలువుగా ఎంత ఊగుతోందో ఒక వైరు చెబుతుంది, అడ్డంగా ఎంతో ఇంకోటి. తారుమారు కాకుండా ఒకదానికి ఎర్ర గోళ్లరంగు, ఇంకోదానికి నీలం పూస్తుంది. ఇంట్లో ఆ సీసాలు ముట్టుకున్నవాడికి ఆ పూట తిట్లే భోజనం.

ఒకరోజు తెర మీద తరంగం ఊగే దిశను చూపే గీత, నక్షత్రం చుట్టుకొకటి చొప్పున పంపే ప్రతి పల్సు మధ్యలోనూ ఉన్నట్టుండి తొంభై డిగ్రీలు గెంతింది. పెద్ద శాస్త్రవేత్త కళ్లద్దాలు తుడుచుకుని తేల్చేశాడు.

"నిలువు అడ్డమైంది. వైర్లు మార్చి బిగించావమ్మా. రేపట్నుంచి స్టోర్‌రూమ్ చూసుకో."

పదకొండేళ్లుగా ఆ రిసీవర్ తప్ప లోకం తెలియని మనిషి వదిన. మొహం ఎర్రబడింది.

"మారిస్తే గీత మొత్తం తప్పాలి కద సార్! నా వైర్లేమన్నా సెకనుకు రెండుసార్లు లేచి చోట్లు మార్చుకుంటున్నాయా?"

ఫ్లాస్కుతో టీ తెచ్చిన నేను ఊరుకుంటానా? "ఒప్పేసుకో వదినా, స్టోర్‌రూమ్‌లో ఫ్యానుంది."

"నోరు మూసుకుని స్పానరందించు, మరిదీ."

రిసీవర్ని ముప్పై డిగ్రీలు తిప్పింది. గీత మొత్తం ముప్పై జరిగింది. గెంతు మాత్రం అదే చోట, అదే తొంభై! లోపం వైర్లదైతే గెంతు రూపు మారాలి.

శాస్త్రవేత్త తల గోక్కున్నాడు. ఆ నక్షత్రం చుట్టూ ప్లాస్మా, అంటే విద్యుత్ కణాల మబ్బు, ఉంటుందట. అయస్కాంత బలం ఎంత గట్టిదంటే, అందులోని ఎలక్ట్రాన్లు దారానికి గుచ్చిన పూసల్లా అయస్కాంత రేఖ అనే దారం వెంటే జారగలవు. దారం వెంట ఊగే తరంగం పూసలకు తగిలి వంగిపోతుంది, అడ్డంగా ఊగేది వాటిని పట్టించుకోకుండా తిన్నగా వచ్చేస్తుంది. అలా విడిపోయిన రెంటిలో ఒకదాన్ని ఇంకోటి మించిన చోట దిశ తొంభై గెంతుతుంది.

"గెంతు నక్షత్రానిదేనమ్మా. స్టోర్‌రూమ్ సంగతి మర్చిపో."

సాయంత్రం వీధంతా పోగేసి చెప్పాను. గాలివానలో వదిన టెలిస్కోపు మీద అంత ఎత్తెక్కి, బోల్టులు పళ్లతో విప్పి, లారీ అంత రిసీవర్ని ఒంటిచేత్తో తిప్పిందని. వెనకనుంచి వదిన గొంతు వినిపించింది.

"వానా లేదు, గాలీ లేదు. నాలుగు బోల్టులు వదులు చేశాను, తిప్పాను, మళ్లీ బిగించాను. వీడు తప్పు సైజు స్పానరిస్తే ఇంకోటి నేనే వెతుక్కున్నాను."