ఆ నేల మీద ఆవిడ పేరు రాయకండి

ఎస్తేరు రాణి మేడం కన్నుమూశారన్న వార్త నాకు గుడ్లవల్లేరులో, నేను పనిచేసే హైస్కూలు ఆటస్థలంలో తెలిసింది. అప్పుడే లెక్కల మాస్టారు వచ్చి, "మీ గేమ్స్ పీరియడ్ కాస్త నాకిచ్చేయండి మేడం, సిలబస్ అవ్వలేదు. మీకెలాగూ పనేం ఉండదు కదా" అని నవ్వుతూ అడుగుతున్నారు. అంతలో ఫోను మోగింది. నాతో చదువుకున్న రత్నకుమారి "మేడం పోయారే" అని ఒక్క మాట అని, ఏడుపు ఆపుకోలేక పెట్టేసింది. ఆ పీరియడ్ మాత్రం ఆయనకి ఇవ్వలేదు. కళ్ళనీళ్ళు కారుతుండగానే విజిల్ ఊది పిల్లల్ని వరసలో నిలబెట్టాను. ఆవిడ శిష్యురాలిగా ఆ పూట నా చేతనైన నివాళి అదే.

ఆవిడని ఎరగనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. ముదినేపల్లిలో పుట్టారు. తండ్రి పొలం కూలీ, తల్లి చర్చి తరఫున ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే బైబిల్ వుమన్. పరుగు పందేల్లో గెలిచి, ఆ గెలుపుల మీదే చదువుకుని, బందరు శివార్లలోని ఒక ప్రైవేటు కళాశాలలో వ్యాయామ విద్యాశాఖకి అధిపతి అయ్యారు. ఆటలు, దెబ్బ తగలకుండా ఒళ్ళు కాపాడుకునే విద్య, నాట్యం – ఈ మూడింటినీ కలిపి ఒకే డిగ్రీగా బోధించాలన్నది ఆవిడ జీవితాశయం. విశ్వవిద్యాలయం చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగి ఆ డిగ్రీ సాధించారు. "ఒంటి చదువుని మూడు ముక్కలుగా కోసింది మనమేనయ్యా. దేవుడు ఒళ్ళు ఒక్కటే ఇచ్చాడు" అనేవారు. అంతటి విదుషీమణిని ఆ కళాశాలలో సాటి అధ్యాపకులు ఏమని పిలిచేవారో తెలుసా? డ్రిల్లు మేడం. యంత్రాల గురించి చదివితే విద్య, మనిషి ఒంటి గురించి చదివితే కాలక్షేపం! ఈ మాట తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అంతెందుకు, మా ఇంట్లోనే ఆ మాట పడింది. మాది దివిసీమలో సముద్రపు ఒడ్డున వేట మీద బతికే ఊరు. మా అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మేది. నేను ఈ డిగ్రీలో చేరతానంటే, "పరిగెత్తడానికి డిగ్రీ ఏంటే? మన వీధిలో కుక్కలు పరిగెత్తట్లా? వాటికెవడిచ్చాడు డిగ్రీ?" అంది. ఇంటర్వ్యూలో భయం భయంగా ఆ మాట మేడం దగ్గర అనేశాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు. నవ్వు ఆగాక, "ఈసారి మీ అమ్మగారిని వెంటబెట్టుకురా. ఇన్నాళ్ళు తట్ట మోసిన మెడ ఎలా ఉందో చూస్తాను" అన్నారు.

అమ్మ గొణుక్కుంటూనే వచ్చింది. మేడం అమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి, మెడ నరాలు వేళ్ళతో తడిమి, "ఎడం చేతికి తిమ్మిర్లు వస్తున్నాయి కదండీ?" అని అడిగారు. అమ్మ నోరు వెళ్ళబెట్టింది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు మరి. తట్ట ఎత్తుకునేటప్పుడు మోకాళ్ళ మీద ఎలా వంగాలో, దించాక మెడ ఎలా తిప్పుకోవాలో ఆవిడే చేసి చూపించారు. బస్సెక్కుతూ అమ్మ నాతో, "చదువుకోవే. ఇది డిగ్రీయేలే" అంది.

ఆ డిగ్రీలో చేరినవాళ్ళెవరికైనా ముందు పరిచయమయ్యేది మైదానం. మా కాలేజీది నల్లరేగడి నేల. వానొస్తే బురద, ఎండొస్తే నెర్రెలు. నెర్రెలో కాలు పడిందంటే చీలమండ పోయినట్టే. అందుకని మేడం ఒక ఆచారం పెట్టారు. కొత్తగా చేరినవాళ్ళు తలా ఒక సంచి తమ ఊరి నుంచి తేవాలి. తోట్లవల్లూరు వైపు వాళ్ళు కృష్ణ ఒడ్డు నుంచి ఏటి ఇసుక, గుడివాడ వైపు వాళ్ళు మిల్లుల్లో ఊక. అవి కలిపి, మట్టితో దట్టించి, నెర్రెలు పూడ్చి, ఆ తర్వాతే సున్నంతో పరుగు లైన్లు గీసేవాళ్ళం. బయటి చెప్పులు గట్టు మీదే విడవాలి. "రేపు నువ్వు పడబోయే చోటుని ఇవాళ నువ్వే పూడ్చుకో" అన్నది ఆవిడ మొదటి పాఠం.

నేను నా సంచి నిండా మా సముద్రపు ఇసుక నింపుకెళ్ళాను, మా ఊరి గొప్ప చూపిద్దామని. ఆవిడ చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, "ఉప్పమ్మా! ఇది పోస్తే గడ్డి చస్తుంది" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. నేను తల దించుకుని సంచి కట్టేసుకుంటుంటే చెయ్యి పట్టుకుని ఆపి, దాన్ని తీసుకెళ్ళి లాంగ్‌జంప్ గుంతలో కుమ్మరించారు. "దూకినప్పుడు మెత్తగా ఉంటుంది. మీ ఊరి ఇసుకలో పడే ఒక్కడికి కూడా నడుం విరగదు చూడు" అన్నారు. తెచ్చినదాన్ని గానీ వచ్చినవాళ్ళని గానీ పనికిరారని ఆవిడ తిప్పి పంపడం నేను చూడలేదు.

నాట్యం చెప్పడానికి మొవ్వ వైపు నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించారు. మేమంతా నాట్యం మాస్టారనేవాళ్ళం. రంగంలో దిగీ దిగ్గానే ఇద్దరికీ మాటామాటా వచ్చింది. మేడం సిమెంటు గచ్చు మీద అడుగులు వేయించడానికి వీల్లేదన్నారు. ఆయనకి కోపం నషాళానికంటింది. "మట్టిలో నాట్యం ఏంటమ్మా, ఇదేమన్నా కబడ్డీయా?" అన్నారు. మేడం నెమ్మదిగా, "మాస్టారూ, మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయండీ?" అని అడిగారు. మెట్లెక్కాలంటే గోడ పట్టుకునే మనిషి ఆయన. మర్నాడు పొద్దున్నే మైదానం గట్టు మీద ఆయన చెప్పులు కనిపించాయి. ఆవిడ చెప్పిన కసరత్తులు ఆయనా చేశారు. "తాళం మా గురువుగారు నేర్పారు, మెట్లెక్కడం ఈవిడ నేర్పింది" అని అందరితో చెప్పుకునేవారు. క్రైస్తవురాలివై ఉండి గజ్జెలు కట్టిస్తావేంటని అటు చర్చి పెద్ద ఒకాయన, నాట్యం సంగతి ఆవిడకేం తెలుసని ఇటు ఇంకొకరు దెప్పారు. ఇద్దరికీ ఆవిడది ఒకటే జవాబు: "మోకాలికి మతం లేదండీ. వాచిందంటే ఎవరికైనా ఒకేలా వాస్తుంది."

ఇక ఆవిడ కొంప ముంచిన సంగతి. మా కళాశాల పాలకవర్గం అధ్యక్షులవారి మేనల్లుడు ఈ డిగ్రీలోనే చేరాడు. చేరడమే గానీ రావడం లేదు. ఏడాదంతా రానివాడు ప్రాక్టికల్ పరీక్షనాడు వాన వెలిసిన మైదానంలోకి మోటారు సైకిలు మీద దూసుకొచ్చాడు. రేగడిలో జానెడు లోతు గాడి పడింది. మేడం "ముందు ఆ గాడి పూడ్చు నాయనా, తర్వాత పరిగెడుదువు గాని" అన్నారు. వాడు నవ్వేసి అటునుంచి అటే వెళ్ళిపోయాడు. సాయంత్రం అధ్యక్షులవారు పిలిపించి, "మావాడేనండీ, కాస్త చూడండి" అన్నారు. "చూశానండీ. అందుకే ఫెయిల్ చేశాను" అన్నారు మేడం.

ఆ ఒక్క మాటకి ఎంత చెల్లించారని! శాఖాధిపత్యం ఊడింది. నాట్యం తరగతి అనవసరపు ఖర్చు అన్నారు, నాట్యం మాస్టారిని ఇంటికి పంపారు. గాయాల పాఠం చెప్పే గదిలో కంప్యూటర్లు వచ్చి కూర్చున్నాయి. డిగ్రీ పేరు బోర్డు మీద ఉంది, లోపల చదువు లేదు. పరీక్షకి వచ్చి సంతకం పెడితే చాలు, పట్టా చేతికొస్తుంది. ఒక్క గంట పరిగెత్తనివాడు రేపు బళ్ళో పిల్లల్ని పరిగెత్తిస్తాడట! ఆ పిల్లల కాళ్ళు విరిగితే ఎవరిది పూచీ? ఈ ప్రశ్న మేడం ప్రతి మీటింగులో అడిగారు. పదవీ విరమణ నాడు ఒక పూలదండకి కూడా దిక్కు లేకపోయింది. అయినా మర్నాటి నుంచి, ఈమధ్య మంచాన పడేదాకా, పొద్దున్నే వచ్చి మైదానం చుట్టూ నడుస్తూ నెర్రెలు వెతికేవారు.

పోయిన ఆదివారం ఆ కళాశాలలోనే సంతాపసభ అన్నారు. జిల్లా నలుమూలల నుంచి శిష్యులం వచ్చాం. వచ్చి చూస్తే ఏముంది? మైదానం నడిబొడ్డున, సరిగ్గా పరుగు లైన్ల మీద షామియానా వేశారు. గునపాలతో గుంటలు తవ్వి గుంజలు పాతారు. ఆవిడ జీవితమంతా పూడ్చిన నేలని ఆవిడ సంతాపసభ కోసమే తూట్లు పొడిచారు. చెప్పుకుంటే ఎవరైనా నమ్ముతారా? అతిథులు బూట్లతో లైన్లు తొక్కుకుంటూ వెళ్ళి ముందు వరసలో కూర్చున్నారు. మేం అలవాటు కొద్దీ గట్టు మీద చెప్పులు విడిచి, ఎర్రటెండలో షామియానా బయటే నిలబడిపోయాం.

అధ్యక్షులవారు మైకు పట్టుకుని, "రాణి గారు మా సంస్థకి తల్లి లాంటివారు" అన్నారు. బతికుండగా తల్లిని వాకిట్లో నిలబెట్టినవాళ్ళు, పోయాక పటానికి దండ వేస్తే పుణ్యం వస్తుందా? అక్కడితో ఆగినా బాగుండేది. ఈ మైదానంలో కొత్త కంప్యూటర్ బ్లాకు కడుతున్నామనీ, దానికి "ఎస్తేరు రాణి స్మారక భవనం" అని పేరు పెడుతున్నామనీ ప్రకటించారు. ముందు వరస చప్పట్లు కొట్టింది.

తర్వాత నాట్యం మాస్టారిని మాట్లాడమన్నారు. ఆయన ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చేత్తో నేలని చూపించారు. "ఆవిడ నన్ను ఈ మట్టిలో నిలబెట్టి నా కాళ్ళు నాకిచ్చింది. ఈ మట్టి మీద గచ్చు పోసి, దాని మీద ఆవిడ పేరు రాస్తారా? అంతకన్నా ఆవిణ్ణి తిట్టండయ్యా, ఓర్చుకుంటాను" అన్నారు. వెంటనే సభ నడిపేవాళ్ళు మైకు కట్టేశారు. ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వేదిక మెట్లు దిగి, వచ్చి మా మధ్య ఎండలో నిలబడ్డారు.

సభ ముగిసింది, కార్లు వెళ్ళిపోయాయి, షామియానా ఊడదీశారు. గుంజలు పీకిన చోటల్లా గుంటలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒకరు గట్టు మీద నుంచి సంచి తెచ్చారు. చూస్తే చాలామంది దగ్గర సంచులున్నాయి. మేడం దగ్గరికి ఉత్త చేతులతో ఎలా వస్తామని, చేరిన తొలినాటి లాగే ఎవరి ఊరి ఇసుక, ఊక వాళ్ళు తెచ్చుకున్నారు. అందరం గుంటల దగ్గర కూర్చున్నాం. కాలేజీ వాచ్‌మన్ వచ్చి, "ఎందుకండీ అమ్మా ఈ తంటా? వచ్చే నెల పునాదులు తవ్వేస్తారుగా" అన్నాడు. రత్నకుమారి తలెత్తకుండానే, "అప్పటిదాకా ఎవరో ఒకరు పరిగెత్తుతారు కదయ్యా" అంది.

అయ్యా అధ్యక్షులవారూ, ఈ వ్యాసం మీ కంటబడుతుందనే రాస్తున్నాను. మీకు భవనాలు కావాలంటే స్థలాలు బోలెడున్నాయి. అక్కడే కడతామంటారా, మీ పేరు పెట్టుకోండి, మీ మేనల్లుడి పేరు పెట్టుకోండి. ఆ ఇటుకల మీద ఆవిడ పేరు మాత్రం రాయకండి. ఆ పేరు మీరిచ్చింది కాదు, మేం మీకివ్వం. శంకుస్థాపన రోజున మేమంతా వస్తాం. గట్టు మీద చెప్పులు విడిచి, లైన్లు గీసుకుని, ఎవరి లైన్లో వాళ్ళం నిలబడతాం. పలుగు ఎత్తదలుచుకున్నవాళ్ళు మమ్మల్ని దాటుకుని రావాలి.

మేడం, మీలాంటి గురువు ఈ గడ్డ మీద మళ్ళీ పుట్టరు. మీరు లేని లోటు తీరుతుందని నన్ను నేను మభ్యపెట్టుకోలేను. ఏడుపూ కోపమూ ఒకేసారి వస్తుంటే ఏది ముందు ఆపుకోవాలో తెలియడం లేదు. నిన్న తోట్లవల్లూరు వెళ్ళొచ్చాను. నా సంచి గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. ఈసారి ఏటి ఇసుకే మేడం, ఉప్పు లేదు.