బులాకీ తీసి చూసిన సముద్రం

అండమాను చూడాలని నాకెప్పుడూ కోరిక లేదు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. పాసు చేతికొస్తే పూరీ, తిరుపతి, లేకపోతే సింహాచలం. అంతకు మించి మా ఆయన ఊహ గాని నా ఊహ గాని పోయేది కాదు. ఈ ప్రయాణం మా తోటికోడలు వసంత పెట్టింది.

వసంత, మా మరిది శంకరం నాగపూర్‌లో ఉంటారు. అతనికి బ్యాంకులో పెద్ద ఉద్యోగం. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. మా అమ్మాయి పద్మ ఏడో తరగతి పరీక్షలు రాస్తుండగా ఇద్దరూ వచ్చి, పద్మను తమ దగ్గర ఉంచితే నాగపూర్‌లో మంచి బడిలో చదివిస్తామన్నారు. మా అత్తవారి వైపు ఇది కొత్త కాదు. మా ఆయన్ని కూడా ఖరగ్‌పూర్‌లో వాళ్ల పెదనాన్నే పెంచి రైలింజన్ల షెడ్డులో పనికి పెట్టించాడు. అందుకే ఆయనకి ఇందులో తప్పేమీ కనబడలేదు.

"తమ్ముడింట్లో ఉంటే పరాయిదైపోద్దేటి? ఇంట్లో గుంట ఇంట్లోనే ఉంటాది," అన్నాడు.

నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. అప్పుడు వసంత, "అందరం కలిసి అండమాను వెళ్లొద్దాం అక్కా. తిరిగొచ్చేటప్పుడు మీరు బిలాస్‌పూర్‌లో దిగాలి కదా, పద్మ మీతో దిగుతుందో, మాతో నాగపూర్ వస్తుందో అప్పుడు నువ్వే చెప్పు," అంది. నిర్ణయం నాదే అని అందరూ అన్నారు. అలా అన్నాక కాదనడం ఎంత కష్టమో ఆడవాళ్లకి తెలుస్తుంది.

ఏప్రిల్‌లో బయల్దేరాం. మా పెద్దబ్బాయికి అప్రెంటిస్‌లో సెలవు దొరక్క క్వార్టర్లో ఉండిపోయాడు. సాయంత్రం హౌరా మెయిలు వచ్చింది. వసంతా వాళ్లు నాగపూర్‌లోనే ఎక్కి ఏసీ పెట్టెలో ఉన్నారు. మాది పాసు కాబట్టి స్లీపరు. నేను పులిహోర, చేగోడీలు, ఆవకాయ, ఒక కూజాడు నీళ్లు పట్టుకున్నాను. చాంపా దాటగానే వసంత పెట్టెలన్నీ దాటుకుంటూ మా దగ్గరికి వచ్చింది.

"అక్కా, పద్మ మా దగ్గర పడుకుంటుందిలే. అక్కడ చల్లగా ఉంది."

పద్మ చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా లేచింది. పులిహోర పొట్లం దాని చేతిలో పెడితే, "వహా ఖానా మిల్తా హై అమ్మా, అక్కడే పెడతారు," అని తిరిగిచ్చేసి వెళ్లిపోయింది. ఎదురు సీటులో రాయగఢ్ వెళ్తున్న ఒకావిడ కూర్చుంది. వాళ్లిద్దరినీ వెనకనుంచి చూసి, "తల్లీ కూతుళ్లా? నడక కూడా ఒకటే," అంది హిందీలో. నేను కిటికీ తలుపు దించేశాను. ఆవిడకి గాలి ఆడలేదు, నాకేమీ జాలి వెయ్యలేదు.

హౌరాలో పొద్దున్నే దిగి, ఒక ధర్మశాలలో స్నానాలు చేసి, మర్నాడు రేవుకి వెళ్లాం. ఓడలో మాకు కింద బంకుల్లో, వాళ్లకి పైన గదిలో టికెట్లు. వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోండి: ఓడలో పడకలకి నంబర్లుంటాయి, ఎవరూ లాక్కోరు. మా ఆయనకి ఈ సంగతి తెలీదు. జనరల్ పెట్టె అలవాటు కదా, మెట్ల మీదనుంచే జనాన్ని తోసుకుంటూ దిగి, మూడు పడకల మీద మూడు తువ్వాళ్లు పరిచి, ట్రంకు పెట్టెని గొలుసుతో ఇనుప కాలికి కట్టేశాడు. ఆ పడకలవాళ్లొచ్చి అరిస్తే గాని లేవలేదు. మా నంబర్లు అవతలి మూల ఉన్నాయి. గొలుసు తాళంచెవి వెతకడంలో ఓడ కదిలింది. పైన కటకటాల దగ్గర నుంచుని పద్మ, వసంత చేతులూపి రేవుకి వీడ్కోలు చెప్పారట. నేను ఆ సమయానికి పడక కింద తాళంచెవి వెతుకుతున్నాను.

నదిలోంచి సముద్రంలోకి రావడానికే ఒక పూట పైగా పట్టింది. మట్టిరంగు నీళ్లు పచ్చబడి, తర్వాత నీలంగా, ఆ తర్వాత సిరాలాగా అయ్యాయి. చిన్న చిన్న చేపలు పిచ్చుకల్లా నీళ్లమీద ఎగిరిపోయేవి. మా ఆయన ఇంజను చూపించమని ఒక ఖలాసీ వెంటబడి, చూసొచ్చి, "మన షెడ్డు మొత్తం ఆ కింద పడతాది," అని తెగ సంతోషించాడు.

రెండో రోజుకి వసంతకి వాంతులు పట్టుకున్నాయి. నాకు, పద్మకి ఏమీ లేదు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం హాయిగా ఉంది. ఏసీ పెట్టె, పైన గది, అన్నీ ఉండి ఏం లాభం అనుకుంటూ ఉప్పులో ఊరిన నిమ్మకాయ బద్ద పట్టుకుని పైకి వెళ్లాను. వెళ్లి చూస్తే పద్మ తన ఒళ్లో వసంత తల పెట్టుకుని తడిగుడ్డ అద్దుతోంది. మా ఇంట్లో నాకు జ్వరమొస్తే అది ఆడుకోవడానికి వెళ్లిపోతుంది. నిమ్మకాయ బద్ద బల్లమీద పెట్టి వచ్చేశాను.

పోర్ట్ బ్లెయిర్‌లో వాళ్లు కొండ మీద సముద్రం కనబడే హోటల్లో దిగారు. మేం బజారులో ఒక లాడ్జిలో దిగాం. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు, సగం అంగళ్లలో తెలుగే వినిపిస్తుంది. లాడ్జి కింద నీలమ్మ అనే ఆవిడ అన్నం వండి పెట్టేది.

"ఏ వూరమ్మా మీది?" అంది మొదటి రోజే.

"మా పుట్టిల్లు పలాస దగ్గర. ఉండేది బిలాస్‌పూర్."

"ఓలమ్మా, మాది సోంపేటే. కూకో, పీతల పులుసెడతాను. ఆ బక్క మడిసికి రెండేసి పెడతానులే," అంది మా ఆయన్ని చూసి.

ఆ పులుసు గురించి చెప్పాలంటే మా అమ్మ చేతి వంట తర్వాత అదే. పద్మకోసం గిన్నెలో పెద్ద పీత దాచి ఉంచాను. అది చీకటి పడ్డాక చిన్నాన్నతో వచ్చింది. చేతిలో అరచేతి పొడుగు ఎర్రటి రొయ్య పెంకు.

"అమ్మా, ఇత్నా బడా ఝీంగా! పిన్ని కాంటా చెంచాతో ఎలా తియ్యాలో నేర్పించింది. వెన్న వేసి ఇచ్చారు."

"ఇదిగో పీత తిను."

"పేట్ భర్ గయా అమ్మా, ఇంక పట్టదు."

ఆ పీతని నేనే తిన్నాను.

మర్నాడు జాలీ బాయ్ అనే దీవికి వెళ్లాం. పొద్దున్నే బస్సులో వండూరు వెళ్లి అక్కడ పడవ ఎక్కాలి. దీవిలో దుకాణం ఉండదు, తిండీ నీళ్లూ మనమే పట్టుకెళ్లాలి. ఇసుక తెల్లగా ఉప్పులా ఉంటుంది. అక్కడ కళ్లకీ ముక్కుకీ కలిపి ఒక అద్దం తొడిగి, నోట్లో గొట్టం పెట్టి, నీళ్లమీద బోర్లా తేలుతూ సముద్రం అడుగు చూపిస్తారు. ఈత రాకపోయినా పరవాలేదు, రబ్బరు ట్యూబు ఇస్తారు, మనిషి పక్కన ఉంటాడు. పద్మ, వసంత చేతులు పట్టుకుని దిగారు. నేను గట్టు మీద చెప్పులకి, తువ్వాళ్లకి కాపలా ఉన్నాను. నీళ్లమీద రెండు వీపులు పక్కపక్కన తేలుతున్నాయి. ఒకటి లేస్తే రెండోది లేస్తుంది. ఇద్దరూ గొట్టాలు తీసి ఒకళ్లతో ఒకళ్లు ఏదో చెప్పుకుని నవ్వి మళ్లీ మునుగుతారు.

పద్మ ఒగరుస్తూ గట్టుకొచ్చింది. "అమ్మా! పసుపు చేపలు, నీలం చేపలు, మీసాలున్న చేప! పిన్నీ నేనూ పేర్లు పెట్టాం."

"ఏం పేర్లు?"

"నీకు తెలీదులే. చూస్తే కదా!" అని మళ్లీ పరిగెత్తింది.

ఆ మాటకి లేచి చీర బిగించాను. అద్దం ఇచ్చే ఆయన బెంగాలీవాడు. తొడిగి చూస్తే లోపలికి బొడబొడ నీళ్లొచ్చేశాయి. ఇంకొకటి తొడిగాడు, అదీ అంతే. చివరికి నా పెదవి మీద వేలాడుతున్న బులాకీ చూపించి, "ఏ నికాల్నా పడేగా దీదీ," అన్నాడు. రబ్బరు అంచు దానిమీద ఆనుతోంది, అందుకే సందు.

మా అత్త చేత్తో పెట్టిన బులాకీ అది. మగడుండగా తియ్యకూడదు. పెట్టిన నాటినుంచి తియ్యలేదు. నేను మా ఆయన వంక చూశాను. ఆయన ఇసుకలో కూర్చుని దోసకాయ తింటున్నాడు.

"తీసీ. నాకేటవుద్ది? నువ్వు తీసినంతసేపూ నాను కదలకుండా కూకుంటాను, సరేనా," అన్నాడు.

మర బిగుసుకుపోయి కదల్లేదు. నా వేళ్లకి అందలేదు. వసంత నీళ్లలోంచి వచ్చి నా ఎదురుగా మోకాళ్లమీద కూర్చుంది. "నేను తీస్తాను అక్కా, నొస్తే చెప్పు." దాని ముఖం నా ముఖానికి అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. కొబ్బరినూనె రాసి, గోటితో పట్టి, నొప్పి తెలియకుండా మెల్లిగా తిప్పి తీసింది. తీసి తన రుమాలు కొనకి ముడేసుకుని నడుముకి దోపుకుంది. ఇది కూడా దానికి చేతనైంది చూడు, అనుకున్నాను.

నీళ్లలో ముఖం పెట్టాను.

ఎలా చెప్పను? పువ్వులు, మొక్కలు, గోడలు అన్నీ రాళ్లతో చేసినట్టు ఉంటాయి, కాని బతికే ఉంటాయి. వాటి మధ్య చేపలు రంగుల గుడ్డపీలికల్లా తిరుగుతాయి. ఒక చేప నా వేలి దగ్గరకొచ్చి చూసి పోయింది. చప్పుడు లేదు, నా ఊపిరి ఒక్కటే వినబడుతుంది. అన్నీ మర్చిపోయాను. పద్మని కూడా.

ఇంతలో పక్కన నీళ్లు చెదిరాయి. పద్మ గొట్టంలోకి నీళ్లెళ్లి ఉక్కిరిబిక్కిరై కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది. నేను ట్యూబుకి వేలాడుతూ చెయ్యి చాపాను, అందలేదు. వసంత దాన్ని నడుము పట్టి ఎత్తేసింది. పైన వసంత గొంతు వినబడింది, నవ్వుతూనే ఉంది. "ఏం లేదు బంగారం, ఏం లేదు. ఉమ్మెయ్. చూడు, నిలబడ్డావుగా!"

నా ముఖం ఇంకా నీళ్లలోనే ఉంది. కింద నాకు కనబడింది వేరు. అక్కడ ఇసుక లేదు, పదునైన పగడపు రాయి ఉంది. వసంత ఉత్త కాళ్లతో దానిమీద నిలబడింది. పద్మ పాదాలు రెండూ వసంత పాదాల మీద ఉన్నాయి. వసంత మడమ కిందనుంచి నెత్తురు పొగలాగా నీళ్లలోకి లేస్తోంది. చేపలు దాని చుట్టూ తిరుగుతున్నాయి. పద్మ తేరుకుని మళ్లీ తేలేవరకూ ఆ పాదాలు ఒక్క అంగుళం కదల్లేదు.

గట్టుకొచ్చాక వసంత కాళ్లు ఇసుకలో కప్పేసుకుని కూర్చుంది. "రాయి గుచ్చుకుంది వదినా, అంతే," అన్నాడు శంకరం, అతనికి అంతకంటే తెలీదు. నేను నా తువ్వాలు చింపి కట్టు కట్టాను. కట్టు అయ్యాక వసంత రుమాలు ముడి విప్పి నా బులాకీ నాకు పెట్టింది. దాన్ని తిట్టుకోవడానికి నా దగ్గర ఉన్నదంతా ఆ నీళ్లలో పోయింది, కుళ్లు మాత్రం పోలేదు. ఇంకా పెరిగింది. ఏసీ పెట్టె చూసి కుళ్లుకోవడం తేలిక, ఇది అలాంటిది కాదు.

తిరుగు ఓడలో గాలి ఎక్కువై అందరం వాంతులతో పడ్డాం. హౌరాలో రాత్రి మెయిలు ఎక్కాం. పద్మ మళ్లీ వాళ్ల పెట్టెలోనే. తెల్లవారి చాంపా వచ్చింది. గతౌరా స్టేషను దాటితే బిలాస్‌పూర్‌లో దిగేవాళ్లు సామాను దించడం మొదలుపెడతారు. నేను ముందే పద్మ గౌన్లు, పుస్తకాలు, జడ రిబ్బన్లు ఒక సంచిలో వేరే సర్దాను. సంచి పట్టుకుని ఏసీ పెట్టెకి వెళ్లాను.

పద్మ లేచి కూర్చుని ఉంది, చెప్పులు తొడుక్కుని. "దిగాలా అమ్మా?"

"నీకేమనిపిస్తోంది?"

"నువ్వు దిగమంటే దిగుతాను." కళ్లు నా మీద లేవు, వసంత కట్టు మీద ఉన్నాయి.

సంచి దాని పక్కన పెట్టాను. "చెప్పులు విప్పు. నాగపూర్ ఇంకా చాలా దూరం."

వసంత నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, బాగా ఆలోచించుకునే అంటున్నావా?"

"ఆలోచించలేదు. ఆలోచిస్తే ఇవ్వను," అన్నాను.

బిలాస్‌పూర్‌లో మెయిలు కాసేపు ఆగుతుంది. మేం ట్రంకు దించుకుని ఏసీ పెట్టె ఎదురుగా నుంచున్నాం. రంగు అద్దం వెనక రెండు ముఖాలు ఆనించి ఉన్నాయి, ఏది ఎవరిదో పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది. ఇద్దరూ చెయ్యి ఊపారు. రైలు కదిలింది.

అండమాను ఎలా ఉందని కాలనీలో అందరూ అడిగారు. మీరూ అడుగుతారు. తప్పకుండా వెళ్లండి. తిండి బాగుంటుంది, మనవాళ్లున్నారు, భయం లేదు. గట్టుమీద కాపలా కూర్చోకండి, నీళ్లలో ముఖం పెట్టండి. పైనుంచి చూస్తే సముద్రం అంతా ఒకటే నీలం, మనుషులంతా నవ్వుతూనే ఉంటారు.

ఆ రోజు ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక మా ఆయన ట్రంకు నెత్తికెత్తుకుని నా వైపు చూశాడు.

"ఏటే, ఏడస్తన్నావా?"

"లేదు. కుళ్లుకుంటన్నాను."

"ఎవుల్ని సూసి?"

"ఇద్దర్నీ."