గుల్జార్ బేగం తండ్రి

ఐర్లాండ్ ఏ మూలన ఉందో అయూబ్‌కి తెలియదు. దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో ఏసీలు బాగుచేసుకునే మనిషికి దానితో ఏం పని? కానీ 2022లో పని పడింది. తొంభైకి దగ్గరపడ్డ తల్లి గుల్జార్ బేగం గుంతకల్లు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "మా నాయన సచ్చిపోయినాడా, మమ్మల్ని ఇడ్సిపెట్టినాడా? నేను పోయేలోపల అదొకటి కనుక్కో నాయనా."

ఆ నాయన ఐర్లాండ్ దొర. గుంతకల్లులో రైలింజను నడుపుతూ దూదేకుల పిల్లను ఇష్టపడ్డాడు. కలిమా చదివి, అబ్దుల్ కరీం అయి నిఖా చేసుకున్నాడు. 1937లో సెలవు మీద తన దేశం వెళ్లాడు. అంతే, మళ్లీ అజాపజా లేదు. అతని పేరు మీద ఆ ఇంట్లో ఫాతిహా చదివించలేదు. పోయాడని తెలిస్తే కదా చదివించేది! జనం మాత్రం ఊరుకుంటారా, దొర వదిలేసిన సంసారమని తేల్చేశారు.

అయూబ్ ఆశ పెట్టుకుని వెతకలేదు. కిందటేడు భార్య సల్మా గుంతకల్లులో కరోనాతో పోయింది. వెళ్తే మళ్లీ దుబాయ్‌కి రానివ్వరని ఆగిపోయి, ఆమెకు మట్టి వేయడం ఫోన్‌లోనే చూశాడు. అప్పటినుంచి మనసు మొద్దుబారింది. ఎవరేం చెప్పినా చేసేవాడు. తల్లి చెప్పిందీ అలాగే చేశాడు.

పాత రైల్వే కాగితంలో ఊరి పేరు మిగిలింది, మనిషి పేరు పూర్తిగా చెరిగి, ఇంటిపేరు చెమ్మకు అలుక్కుపోయింది. కెన్నీయో, కీనీయో, కినీయో. ఆఫీసులో పనిచేసే కరీంనగర్ అమ్మాయి అమూల్య మూడూ రాసి ఆ ఊరి చర్చికి మెయిల్ పెట్టింది. నెలకి జవాబొచ్చింది. ఆ రోజుల్లో అలాంటి ఇంటిపేర్లతో ఇండియా రైల్వేకి వెళ్లినవాళ్లు ఇద్దరట. ఒకడు తిరిగొచ్చి, అక్కడే పెళ్లి చేసుకుని నలుగురు పిల్లల్ని కన్నాడు. రెండోవాడు సెలవు ముగించుకుని బొంబాయికి వస్తూ ఓడలో జ్వరంతో పోయాడు. మీవాడి తండ్రి పేరు చెబితే ఎవరో తేలుస్తామన్నారు.

తండ్రి పేరు నిఖా రిజిస్టర్లో ఉండాలి కదా. మేనల్లుడు బుడేన్ సాహెబ్ ఖాజీ ఇంట్లో పాత పుస్తకాలు దులిపి ఫోటో పంపాడు. వరుడు అబ్దుల్ కరీం, తండ్రి అబ్దుల్లా. కొత్తగా కలిమా చదివినవాడికి కన్నతండ్రి ఎవరైనా సరే, ఆ గడిలో అబ్దుల్లా అనే రాసేవారు. ఆనాటి ఖాజీ ఆనవాయితీ తప్పలేదు మహానుభావుడు.

"ఖలాస్ అంకుల్, ఇగ దొర్కది," అంది అమూల్య. అయూబ్ తలూపి పనికి వెళ్లిపోయాడు.

శుక్రవారం తల్లి ఫోన్ చేసి, దొరికినాడా అని అడిగింది. ఏం చెప్పాలో అతను ఆలోచించుకోలేదు. నోటికి వచ్చేసింది.

"మీ కాడికి వస్తాంటే ఓడలోనే జరమొచ్చి పాయెనంట మా."

ముసలామె ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పించుకుంది.

"పానం పోతేనేమి, మా అమ్మ కోసం బయల్దేరినాడు సూడు. అది సాలు నాయనా."

ఆమె అన్నది తన తండ్రిని గురించే. అయినా ఏడాదిగా ఏదీ మనసుకు తాకని అయూబ్‌కి ఆ మాట సూటిగా గుండెలో దిగింది. సల్మా కోసం తాను బయల్దేరనైనా లేదు.