కొండపాక దగ్గర ఆగిన కారు

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు బడిలో ఉండగా అందింది. సిద్దిపేటలో ఒకప్పుడు నేనున్న ఇంటి ఎదురుగా కిరాణా కొట్టు నడిపే ఆయన, నంబరు ఎవరినో అడిగి తెలుసుకుని, హెడ్మాస్టరు గదికి ఫోను చేశాడు. “మీ ఓనరమ్మ పోయింది టీచరమ్మా. పొద్దుగాల చాయ తాగి కుర్చీల కూసున్నది, కూసున్నకాడ్నే పానం పోయింది. మీకొక్క మాట చెప్తె మంచిదనిపించింది” అన్నాడు. సరేనని ఫోను పెట్టేసి క్లాసుకు వెళ్లాను. పద్యం సగం చదివి పుస్తకం మూసేశాను. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఆమె నాకు చుట్టం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సిద్దిపేటలో ఆమె ఇంటి ముందు గది కిరాయికి తీసుకున్నాను. పెళ్లికాని పిల్లను, ఒంటరిగా ఉంటానంటే అప్పటికే రెండు మూడు ఇళ్లవాళ్లు కాదన్నారు. పెద్దమ్మ మాత్రం నన్ను కిందికీ మీదికీ చూసి, “ఉండు బిడ్డా. ఆడమనిషి ఒక్కతే ఉంటె ఎట్లుంటదో నాక్కూడ చూడాలని ఉన్నది” అన్నది. వేళాకోళమేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆమె నిజంగానే అన్నదని.

పెద్దనాయినకు బజారులో బట్టల దుకాణం ఉండేది. హైదరాబాదులో ఎవరో డాక్టరు అమ్మేస్తుంటే ఒక పాత ఇంగ్లీషు కారు కొనుక్కొచ్చాడు. తన కంటే ఆ కారు రెండేళ్లు చిన్నదని నవ్వుతూ చెప్పుకునేవాడట. ఆదివారమొస్తే దాన్ని కడగడం, తుడవడం, కొమురవెల్లి దాకా తోలుకుపోయి రావడం ఆయన సరదా. పెద్దమ్మ ఏడాదికోసారి వెనక సీట్లో కూర్చునేది. ముందు సీట్లో దుకాణం మనిషి కూర్చునేవాడు.

నేను ఆ ఇంట్లో చేరే సరికి ఆ రోజులు అయిపోయాయి. ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది, ఒక్క మాట తప్ప. మిగిలిన ఆ మాట “వద్దు”. అన్నం కావాలన్నా వద్దే, అటు తిప్పి పడుకోబెట్టమన్నా వద్దే, సంతోషమొచ్చినా వద్దే. ఏ వద్దుకు ఏం అర్థమో పెద్దమ్మ ఒక్కతికే తెలిసేది. ఆయన కేక వినపడేంత దూరం దాటి ఆమె ఎప్పుడూ వెళ్లేది కాదు. గాజులు వేయించుకోవడానికి కూడా గాజులామె ఇంటికే రావాలి. మా గదిలో కూర్చుని నాతో మాట్లాడుతున్నా ఒక చెవి గోడవైపే ఉండేది. ఇద్దరికీ పిల్లలు లేరు. దుకాణం మరిది చేతికి వెళ్లింది. ఇంట్లోకి సరుకులు అతను పంపేవాడు. దేనికీ తక్కువ చెయ్యలేదు గానీ, ఏది కావాలన్నా అతనికి చెప్పాలి.

హైదరాబాదు దవాఖానాలో నెలకోసారి చూపించాలని డాక్టర్లన్నారు. భారీ మనిషి, బస్సు ఎక్కించలేరు. మరిది కొన్నాళ్లు డ్రైవరును పెట్టి, తర్వాత మానేశాడు. అప్పుడు పెద్దమ్మ, బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన ఒక ముసలాయనను బతిమాలి, తెల్లారకముందు హైస్కూలు మైదానంలో కారు నేర్చుకున్నది. యాభై దాటిన ఆడమనిషి! గేరు పడకపోతే గేరును తిట్టేది. నేర్పే ఆయన “తిట్టకమ్మా, దాన్ని బుజ్జగించాలె” అంటే, “ఇంట్ల ఒకల్ని బుజ్జగిస్తున్న, ఇంకొకల్ని నాతోని గాదు” అనేదట. లైసెన్సు వచ్చినరోజు మా ఇద్దరికీ సేమియా పాయసం చేసింది. పెద్దనాయినకు చెంచాతో తినిపిస్తూ, “ఇగ నేనే తోల్త” అన్నది. ఆయన వద్దు వద్దు అన్నాడు. “మురుస్తున్నడు” అని నాకు చెప్పింది. అది నిజమో కాదో నాకు తెలియలేదు.

సెలవురోజు పడితే నేను కూడా వాళ్లతో వెళ్లేదాన్ని. వెనక సీట్లో ఆయన పక్కన కూర్చుని, మలుపుల్లో ఒరిగిపోకుండా పట్టుకోవడం నా పని. అద్దంలోంచి ఆమె మా ఇద్దరినీ చూస్తూ, ఊళ్ల పేర్లు చదువుకుంటూ తోలేది. ఆ దారి పొడుగునా ఆమె మొహం వేరేగా ఉండేది. దవాఖానాకు వెళ్లే మనిషిలా ఉండేది కాదు.

గల్ఫులో యుద్ధం వచ్చి పెట్రోలు కరువైంది. బంకుల ముందు జనం డబ్బాలతో వరుస కట్టేవాళ్లు. “నువ్వేడ నిలబడ్తవు వదినె, నేను పంపిస్త” అన్నాడు మరిది. దుకాణం నుంచి డబ్బాలు వచ్చేవి. అప్పటి నుంచే కారు మొరాయించడం మొదలైంది. పొద్దున స్టార్టు కాదు, అయితే దగ్గుతుంది. పెద్దమ్మ ఇంజను పాతదని తనకు తానే సర్ది చెప్పుకున్నది.

ఎండలు ముదిరిన ఒక రోజు, హైదరాబాదు వెళ్తుండగా కొండపాక దాటీ దాటకముందే కారు రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. బానెట్ తెరిస్తే పెట్రోలు పొంగి కిందికి కారుతోంది. పెద్దమ్మ వంగి వాసన చూసింది. “నువ్వు చూడు బిడ్డా” అన్నది. నాకు పెట్రోలు వాసనే వచ్చింది. “కాదు, తలుపులకు పాలిష్ కొడితె వచ్చే వాసన” అన్నది.

ఊళ్లోంచి ఒక మెకానిక్ సైకిలు మీద వచ్చి కార్బరేటరు విప్పాడు. అందులో పెట్రోలు మీద తేలే బెండు ముక్క ఒకటి ఉంటుంది. పెట్రోలు సరిపడా నిండగానే అది పైకి లేచి దారి మూస్తుంది. అసలు ఇత్తడిది ఎప్పుడో పగిలిపోతే, ఎవరో బెండు చెక్కి లక్క పూసి పెట్టారు. ఆ లక్క ఇప్పుడు లేదు. బెండు నానిన రొట్టెలా మునిగిపోయి ఉంది. అడుగున ఎర్రటి జిగురు.

“లక్క గింత ఎట్ల కరిగిందే?” అన్నాడతను.

“పెట్రోలుల కరుగదు” అన్నది పెద్దమ్మ. “స్పిరిట్ల కరుగుతది. పాలిష్ చేసేటాయన మా వాకిట్ల కూసుండి స్పిరిట్లనే నానేస్తడు.”

అతను మా కారులో ఉన్న డబ్బాలో మిగిలిన పెట్రోలు కొంచెం సీసాలో పోసి, కాసిన్ని నీళ్లు కలిపి ఊపి పట్టుకున్నాడు. అడుగున నీళ్లు పోసినదాని కంటే ఎక్కువయ్యాయి. “స్పిరిటంత నీళ్లల్లకు దిగింది, చూసిన్రా? గీ మధ్య చక్కెర మిల్లు స్పిరిటు తెచ్చి కలుపుతున్రు పెద్దమ్మా. మోపెడ్లు, టెంటు హౌజోళ్ల జనరేటర్లు ఎట్లనో గుంజుకుంటయి. గీ ముసలి బండికి ఇసమే. రబ్బరు పైపులు ముట్టి చూడున్రి, ఎట్ల ఉబ్బినయో” అన్నాడు. నగలు చేసే అవుసలాయన ఇంటికి వెళ్లి లక్క తెస్తానని సైకిలెక్కాడు.

అతను వచ్చేదాకా గడిపిన ఆ పూట నాకు ఇప్పటికీ చెమట పట్టిస్తుంది. చుట్టూ నీడ లేదు. కారు రేకు ముట్టుకుంటే కాలుతోంది. పెద్దనాయినను దింపడం మా ఇద్దరి వల్ల కాదు. నాలుగు తలుపులూ తీసి పెట్టాం, గాలి లేదు. బస్సొకటి ఆగింది. కండక్టరు దిగి, “పెద్దాయన్ను ఎక్కియ్యున్రి, మేం పట్టుకుంటం” అన్నాడు. ఇద్దరు ముగ్గురు చేతులు వేశారు. ఆయన ఎడమచేత్తో సీటు పట్టుకుని వద్దు, వద్దు, వద్దు అని అరిచాడు. నోటి పక్కనుంచి చొంగ కారింది. పంచె తడిసింది. జనం మొహాలు తిప్పుకున్నారు. పెద్దమ్మ “పోండ్రి అన్నా, మీకు ఆలిశమైతది” అని బస్సును పంపేసింది. కొంగు తడిపి ఆయన మొహం తుడిచింది, పంచె సర్దింది, కొంగును ఆయన తలమీద నీడగా పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన ఏడుస్తున్నాడు.

చాలాసేపటికి నాతో అన్నది: “గీయన గిందుల ఇరుక్కున్నడని అందరికి కనవడుతున్నది బిడ్డా.” అంతే అన్నది. మిగతా సగం అనలేదు.

మెకానిక్ కొత్త బెండు చెక్కుకొచ్చాడు. లక్కను పెద్దమ్మే అతను తెచ్చిన దీపం మీద కరిగించి, తిప్పి తిప్పి పూసింది. ఊళ్లో ఒకాయన తన జీపులోంచి మంచి పెట్రోలు తీసిచ్చాడు. ఇంజను గొంతు సవరించుకున్నట్టు మొదలయ్యేసరికి దవాఖానా వేళ దాటిపోయింది. కారు సిద్దిపేట వైపు తిప్పింది. కొంచెం దూరం వచ్చాక, ఎందుకో రోడ్డు పక్కకు తీసి ఆపింది. పొద్దు వాలుతోంది. గొర్లమంద ఒకటి దాటుతోంది.

“ఇంటికి పోదమా?” అని వెనక్కి తిరిగి అడిగింది.

“వద్దు” అన్నాడాయన.

అన్ని వద్దుల్లో అది నాక్కూడా అర్థమైన వద్దు. ఆమె ఇంజను ఆపేసింది. “నాకు గూడ వద్దనే ఉన్నది” అన్నది. ముగ్గురం అక్కడే కూర్చున్నాం. గొర్లు పోయాయి, దుమ్ము అణిగింది. తర్వాత ఆయన మందుల వేళ గుర్తొచ్చిందేమో, తాళం తిప్పింది.

మర్నాడు మరిది వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. పెద్దమ్మ గొంతు పెంచలేదు.

“ఆ పెట్రోలు ఏడ తెస్తున్నవు?”

“అందరు గదే పోస్తున్రు వదినె. బంకుల యాడుంది?”

“నీ స్కూటర్ల గూడ గదే పోస్తున్నవా?”

అతను చేతిలోని స్కూటరు తాళం జేబులో వేసుకున్నాడు. “బండి ఆగితె ఆగనియ్యి. అన్నకు నయమయ్యేది లేదు, డాక్టర్లే చెప్తున్రు. నువ్వు రోడ్ల మీద తోలుకుంట తిరుగుతుంటె బజార్ల మాకు తల ఎత్తరాకుంట ఉన్నది” అన్నాడు.

“కల్తీదని తెల్వక తెచ్చినవనుకున్న” అన్నది పెద్దమ్మ. “ఆగుతదని తెలిసే పోసినవు. ఎండల మీ అన్న అట్ల ఏడుస్తుంటె నువ్వు చూడలే, నేను చూసిన. ఇగ నుంచి డబ్బా పంపకు. నేనే పోయి నిలబడ్త.”

నిలబడింది కూడా. బంకు ముందు వరుసలో అందరూ మగవాళ్లు, మధ్యలో నెత్తిన కొంగు, చేతిలో డబ్బాతో పెద్దమ్మ. ఆ కాసేపూ పెద్దనాయిన దగ్గర నేను కూర్చునేదాన్ని. తెచ్చిన పెట్రోలును మెకానిక్ చూపినట్టు సీసాలో ఊపి చూసుకునేది. బంకువాళ్లు నవ్వితే, “మీ మీద అనుమానం గాదయ్యా, నా బండి పానం గట్టిది గాదు” అనేది. ఎవరైనా ముసలి బండి ఎందుకు, అమ్మెయ్యమంటే, “నడిచేదాన్ని ఎవ్వలు ఏమనరు, ఆగినదాన్నే అందరు ఏందని అడుగుతరు” అనేది. నేను ఉద్యోగంలో కష్టమొచ్చి కూలబడినప్పుడు కూడా ఆమె ఓదార్చలేదు. “ఆగినకాడ ఏడ్వద్దు బిడ్డా, బానెట్ తెరువాలె” అన్నది. ఆ మాట పట్టుకునే నేను చాలా దారులు దాటాను.

ఆమె గెలిచిందని రాయాలని ఉంది. కానీ ఏడాది తిరక్కముందే దవాఖానాలో, ఇక తీసుకురానక్కర్లేదు, ఇంట్లోనే చూసుకోమన్నారు. మంచి పెట్రోలు దొరికింది, కారు బాగయింది, వెళ్లడానికి చోటు లేకుండా పోయింది. ఆదివారాలు పెద్దమ్మ షెడ్డు తలుపులు తీసి, సీట్లో కూర్చుని ఇంజను నడిపేది. నిలబెడితే పెట్రోలు జిగురు కడుతుందని చెప్పేది. లోపల మంచం మీద పెద్దనాయిన ఆ చప్పుడు వింటూ పడుకునేవాడు. పొగ వాకిట్లోకి వచ్చి మా గది దాకా పరుచుకునేది. తర్వాత ఆపేసి, కొంగుతో స్టీరింగు తుడిచి, వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఆయన అలాగే చాలా ఏళ్లు మంచాన ఉండి చనిపోయాడు. కేక వేసే మనిషి లేకపోయినా ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. “ఇప్పుడన్న తిరుగు పెద్దమ్మా” అంటే, “పిలిచేటోళ్లు లేకుంటె ఎంత దూరం పోవాలెనో తెలుస్తలేదు” అన్నది.

నాకు బదిలీ అయ్యే ముందు చేర్యాలలో ఒకాయన పెళ్లి ఊరేగింపులకని కారు అడిగాడు. మనిషిని పంపుతానంటే ఒప్పుకోలేదు. తనే తోలుకుపోయి ఇస్తానన్నది. నేను తోడు వెళ్లాను. మొదటిసారి ముందు సీట్లో, ఆమె పక్కన కూర్చున్నాను. చేర్యాలలో తాళం వాళ్ల చేతిలో పెట్టి, స్పిరిటు కలిసిన పెట్రోలు మాత్రం పొయ్యొద్దని గట్టిగా చెప్పి, వెనక్కి చూడకుండా బస్టాండుకు నడిచింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పెద్దమ్మ ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నది. నేను తల వంచినప్పుడు చూశాను. బస్సు మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా, చెప్పు విడిచిన ఆమె కుడి పాదం కింది రేకును మెల్లగా నొక్కుతోంది, మళ్లీ వదులుతోంది.